నెపం ప్రకృతి మీద

2023 సెప్టెంబరు 10 అర్ధరాత్రి దాటాక, లిబియాలోని డెర్నా నగరానికి ఎగువన ఉన్న రెండు ఆనకట్టలు తెగిపోయాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే వాగు తెల్లవారేసరికి వీధులకు వీధులనే మధ్యధరా సముద్రంలోకి ఊడ్చేసింది. పోయినవారు వేలల్లో ఉన్నారు. కచ్చితమైన లెక్క నేటికీ తేలలేదు. డేనియల్ తుపాను కురిపించిన వాన అసాధారణమైనదే. వేడెక్కిన సముద్రం మీదుగా వచ్చే తుపాన్లు మరింత తేమను మోసుకొస్తాయన్నదీ నిజమే. కానీ 1970లలో కట్టిన ఆ ఆనకట్టలకు మరమ్మతులు అత్యవసరమని, పెద్ద వరద వస్తే నగరానికి ముప్పు తప్పదని అంతకుముందు ఏడాదే ఒక జలశాస్త్ర నిపుణుడు హెచ్చరించాడు. నిధులు కేటాయించారు గానీ పనులు పూర్తి చేయలేదు. ఆ రాత్రి అధికారుల్లో ఒకరు ఇళ్లు ఖాళీ చేయమన్నారు, మరొకరు గడప దాటవద్దన్నారు. అంతా అయ్యాక పాలకుల నోట వచ్చిన మాట: ప్రకృతి ప్రకోపం.

ఈ మాటతోనే మా పేచీ. వాతావరణ మార్పు వల్ల విపత్తు వస్తుంది. అది ఎందరిని బలిగొంటుందన్నది మాత్రం చాలావరకు పాలన తేల్చే విషయం. ఇది పేద దేశాలకే పరిమితమైన జబ్బు కాదు. 2003 ఆగస్టులో ఐరోపాను వడగాడ్పులు కమ్మినప్పుడు ఒక్క ఫ్రాన్స్‌లోనే సుమారు 15,000 మంది చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, అందులోనూ ఒంటరిగా బతుకుతున్నవారు. సెలవుల కాలం కావడంతో అధికారులూ ఊళ్లో లేరు, బంధువులూ లేరు. ఎవరూ వచ్చి తీసుకువెళ్లని 57 మృతదేహాలను ప్యారిస్ శివార్లలో ఖననం చేస్తుంటే దేశాధ్యక్షుడు వచ్చి నిలబడవలసి వచ్చింది. ఆ సిగ్గు వృథా కాలేదు. మరుసటి ఏడాదే వడగాడ్పుల ప్రణాళిక వచ్చింది. ఒంటరి వృద్ధుల పేర్లు నమోదు చేసుకుని, ఎండలు ముదిరిన రోజుల్లో వారిని పలకరించే బాధ్యత పురపాలక సంస్థలకు అప్పగించారు. 2006లో మళ్లీ వేడి విరుచుకుపడినప్పుడు మరణాలు అంచనాల కన్నా వేలల్లో తగ్గాయి.

ఇంతకన్నా గొప్ప పాఠం బంగాళాఖాతం ఒడ్డున ఉంది. 1970 నవంబరు తుపానులో నేటి బంగ్లాదేశ్ తీరాన కనీసం 3 లక్షల మంది మరణించారు. 1991లో ఆ సంఖ్య 1.38 లక్షలు. 2007లో సిడ్ర్ తుపానుకు సుమారు 3,400. 2020లో అంఫాన్ వచ్చినప్పుడు 20 లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు పదుల్లోనే ఉన్నారు. ఈలోగా ఆ దేశం సంపన్నమైపోలేదు, తుపాన్లూ మెత్తబడలేదు. చేతి సైరన్లు, మెగాఫోన్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగే వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు తయారయ్యారు. జనం ఎందుకు కదలడం లేదో కూడా ఎవరో ఓపికగా అడిగి తెలుసుకున్నారు. పశువులను వదిలి రాలేమన్నారు కొందరు. వాటికోసం ఎత్తైన మట్టిదిబ్బలు వేశారు. పరాయి మగవాళ్ల మధ్య తలదాచుకోలేమన్నారు స్త్రీలు. వారికి వేరు గదులు కట్టారు. ఆవు ఎక్కడ నిలబడుతుందో ఆలోచించినప్పుడే మనిషి ప్రాణం దక్కింది. వాతావరణ సదస్సుల తీర్మానాల్లో ఇలాంటి వాక్యం ఒక్కటైనా ఉంటే బాగుండును.

మరి అన్ని ప్రభుత్వాలూ ఇలా ఎందుకు చేయవు? తెగని గట్టుకు ప్రారంభోత్సవం ఉండదు. పూడిక తీసిన మురుగుకాలువ దగ్గర ఫొటో దిగడానికి ఎవరూ రారు. అదే వరద వచ్చి వెళ్లాక పరిహారం చెక్కు పంచితే చప్పట్లు, మరునాడు పత్రికలో బొమ్మ. అచ్చువేసేది మేమే కాబట్టి ఆ తప్పులో మాకూ వాటా ఉంది. గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు వందల ఏళ్లు ఉండిపోతుంటే, పాలకుడి చూపు వచ్చే ఎన్నికల దగ్గరే ఆగిపోతోంది.

అయితే గట్లు కట్టుకుంటే చాలదు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందటి కన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. మంట ఆర్పకుండా నీళ్ల బిందెలు పంచడం ఎంతకాలం? వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని సంపన్న దేశాలు 2009లో మాట ఇచ్చి, 2020 గడువును దాటబెట్టి, 2022లో గానీ ఆ మొత్తాన్ని చేరలేదు. అందులోనూ అధిక భాగం అప్పులే. మునిగినవాడి చేత మునిగినందుకు వడ్డీ కట్టించుకోవడాన్ని సాయమనాలట! పసిఫిక్ ద్వీపాల న్యాయ విద్యార్థులు మొదలుపెట్టిన పోరాటాన్ని అక్కడి ద్వీపదేశం వనువాటు భుజానికెత్తుకోగా, 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యతేనని సలహాపూర్వక అభిప్రాయం చెప్పింది. దాన్ని అమలు చేయించే బంట్రోతు ఎవరూ లేరు. అయినా దేశీయ కోర్టుల్లో వాదించేవారికి అది బలమైన ఆధారం.

డెర్నా కథకు ఒక కొసరు ఉంది. 2024 జులైలో అక్కడి కోర్టు, ఆనకట్టల నిర్వహణకు సంబంధించిన 12 మంది అధికారులకు జైలుశిక్షలు వేసింది. మేము అడుగుతున్నది దీనికి తలకిందులుగా ఉన్న ఏర్పాటు: ప్రతి ఆనకట్ట, ప్రతి కరకట్ట తనిఖీ నివేదిక వానలకు ముందే, సంతకం పెట్టిన అధికారి పేరుతో సహా, దిగువన కాపురముంటున్నవారి చేతికి అందాలి.