ఇంతకీ ఆ తగలబడ్డ ఊరి సంగతేంటి?

ప్రియమైన చీకటి ప్రేమ నవలా,

‘ప్రియమైన’ అన్నది మర్యాద కోసం. రాత్రి మూడింటికి నిన్ను మూస్తూ ఏమని తిట్టానో నీకు తెలుసు.

నల్లటి అట్ట, దాని మీద బాకు, కిరీటం, నాలుగు ముళ్లు. తెరవగానే మ్యాపు. అందులో ఏడు రాజ్యాలు, కథ వెళ్లేది రెండింటికి. ఆ తర్వాత హెచ్చరికల పేజీ: హింస, రక్తం, కిడ్నాప్. నీ మొత్తంలో నిజాయితీగా రాసిన పేజీ అదొక్కటే.

ఒకటో అధ్యాయంలో యువరాజు హీరోయిన్ ఊరు తగలబెట్టాడు. బాగుంది, పగ అంటే అలా ఉండాలి. ఆమె బూటులో కత్తి దాచుకుని అతని కోటలో దూరింది. ఆమెకి ఇరవై ఐదేళ్లు, అతనికి ఐదొందలు. అన్నేళ్లలో గోడకి ఆనుకుని నిలబడటం, పెదవి ఓరగా నవ్వడం తప్ప ఇంకేమీ నేర్చుకున్నట్టు లేడు.

పన్నెండో అధ్యాయంలో అతని గొంతు మీద కత్తి పెట్టింది. కోసేస్తుందనుకుని లేచి కూర్చున్నాను. తీరా చూస్తే ఆమె అతని కళ్లలో బంగారు చుక్కలు లెక్కపెడుతోంది! ఆ చుక్కలకి రెండు పేజీలిచ్చావు. ఊరు కాలడానికి ఇచ్చింది ఒక్క పేరా.

తర్వాత వాన, సత్రం, ఒకే మంచం. (నీ లోకంలో సత్రం నడిపేవాళ్లకి రెండో మంచం చేయించే స్తోమత ఎప్పటికీ రాదా?) ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను కాబట్టి ఇంతకంటే మాట్లాడను.

నా అసలు గొడవ మూడొందలో పేజీ దాటాక మొదలైంది. యువరాజు చొక్కా విప్పి, వీపు మీద మచ్చలు చూపించి, ఊరు తగలబెట్టించింది తన తండ్రి అన్నాడు. అంతే, కేసు కొట్టేశావు. శత్రువుని ప్రేమించడం ఎలాగో చూద్దామని కొనుక్కుంటే, అసలు అతను శత్రువే కాదంటావా?

1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో జేన్ ఆస్టెన్ తన హీరో డార్సీని ఇంత తేలిగ్గా వదల్లేదు. హీరోయిన్ ఎలిజబెత్ అక్క పెళ్లి చెడగొట్టింది తనేనని ఆమె మొహం మీదే ఒప్పుకున్నాడు. చెడగొట్టినదాన్ని తర్వాత తనే బాగుచేసుకోవాల్సి వచ్చింది. 1756లో బోమాంట్ రాసిన ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ కథలో మృగం కూడా హీరోయిన్‌ని రోజూ రాత్రి ‘నన్ను పెళ్లి చేసుకుంటావా’ అని అడిగేది, ఆమె వద్దంటే నిట్టూర్చి వెళ్లిపోయేది. నీ యువరాజు అడగనే అడగడు. ‘నువ్వు నాదానివి’ అని చాటింపు వేస్తాడు.

ఇంకొక్క మాట. మంటలు రాకముందు, ఊళ్లో ఆమెకి బూట్లు కుట్టిచ్చిన ముసలాయన ఒకడున్నాడు. డబ్బులు తర్వాత ఇద్దువుగానిలే అన్నాడు. ఆ బూట్లతోనే ఆమె ఆరొందల పేజీలు కోటంతా తిరిగింది. ఆయన పేరు మళ్లీ ఎత్తలేదు.

నువ్వేమో ఆఖరి పేజీలో యువరాజు గుండెకి బాణం తగిలించి, సగం వాక్యంలో ఆపేశావు. అతను చావడు, నాకు తెలుసు. రెండో భాగం అట్ట మీద ఉన్నది అతనే. నాకు కావాల్సింది ఆ ముసలాయన కబురు. పుస్తకం ఆర్డర్ పెట్టేశాను, మంగళవారం వస్తుందట.

ఇట్లు,
నిద్ర చాలని నీ పాఠకురాలు