శరణన్నా వదలని మాట: ‘టేక్ నో ప్రిజనర్స్’ను ఎక్కడ వాడాలి?

‘ప్రిజనర్’ అనగానే మనకు జైలు గుర్తొస్తుంది. ‘టేక్ నో ప్రిజనర్స్’ అనే ఇంగ్లిషు జాతీయం అర్థం దారి తప్పేది అక్కడే. ఈ ప్రిజనర్ జైలు ఖైదీ కాదు, యుద్ధంలో పట్టుబడ్డ బందీ. ఆయుధం కింద పడేసి శరణన్నవాణ్ణి కూడా బందీగా పట్టుకోకుండా అక్కడికక్కడే చంపెయ్యడం దీని మూలార్థం.

1900 జూలై 27న బ్రెమర్‌హాఫెన్ రేవులో, చైనాకు ఓడ ఎక్కుతున్న సైనికులకు జర్మనీ చక్రవర్తి రెండో విల్హెల్మ్ చెప్పింది ఇదే: క్షమించొద్దు, బందీలను పట్టొద్దు. అంతకు ఏడాది ముందే, యుద్ధ నియమాల మీద దేశాలు చేసుకున్న 1899 హేగ్ ఒప్పందం ఇలాంటి ప్రకటనను నిషేధించింది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు మూలమైన 1998 నాటి రోమ్ శాసనం దీన్ని యుద్ధనేరాల్లో చేర్చింది. ఇంత నెత్తురు అంటిన మాట తర్వాత ఆటల పేజీకీ వ్యాపార పేజీకీ ఎక్కింది. అక్కడ చంపడం లేదు కానీ కనికరం లేకపోవడం మాత్రం మిగిలింది.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షలకు ఇంగ్లిషు పట్టుకుంటారు. వాళ్లకు ఈ మాటను ‘గట్టి పట్టుదల’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఎదుట ఒక ప్రత్యర్థి ఉండాలి, అతను తగ్గినా ఇవతలివాళ్లు తగ్గకూడదు. ఈ రెండూ ఉంటేనే ఆ మాట అతుకుతుంది.

గిడుగు రామమూర్తి జీవితమే దీనికి మంచి గీటురాయి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ వ్యావహారిక భాష కోసం వాదించినప్పుడు, గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి వాళ్ల ముందు పెట్టారు. తప్పుకునే దారి లేకుండా చేశారు. ఆ వాదనను ఇంగ్లిషులో ‘టేక్-నో-ప్రిజనర్స్’ వాదన అనొచ్చు. అదే మనిషి సవర గిరిజనులుండే కొండల్లో తిరిగి, జ్వరానికి మింగిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకుని, దశాబ్దాలు వాళ్ల భాష మీదే కూర్చున్నారు. సవర–ఇంగ్లిషు నిఘంటువు 1938లో అచ్చయింది. నాకు ఆయన చేసిన వాటిలో ఇదే పెద్ద పని. కానీ దీనికి ‘టేక్ నో ప్రిజనర్స్’ వాడితే తప్పు. అక్కడ ఓడించాల్సిన మనిషే లేడు. పట్టిన పట్టు విడవకపోవడం అంటే సరిపోతుంది.

వార్తలు అనువదించేవాళ్లకు ఇంకో జాగ్రత్త. మల్కనగిరి, కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మావోయిస్టుల లొంగుబాటు తరచూ విన్న వార్తామాట. లొంగిపోయినవాళ్లకు ప్రభుత్వ పునరావాస పథకం కూడా ఉంది. అలాంటి చోట పోలీసు చర్య గురించి ‘టేక్-నో-ప్రిజనర్స్’ అని రాస్తే చదివేవాళ్లు అలంకారంగా తీసుకోరు, లొంగినవాణ్ణి చంపేశారనే అనుకుంటారు. ఇంగ్లిషు మూలంలో అలా ఉంటే ఉద్దేశం ఏమిటో కనుక్కుని, కఠిన చర్య అనో, ఉక్కుపాదం మోపారనో రాయాలి. ‘ఖైదీలను తీసుకోరు’ అని మాటకు మాట పెడితే వార్తే తలకిందులవుతుంది.

తెలుగులో దీనికి ఒకే జవాబు దొరకదు. ఎన్నికల పోటీకైతే ‘తాడోపేడో’ దగ్గరికొస్తుంది, కానీ అందులో మనమూ ఓడిపోవచ్చన్న తెగింపు ఉంది. ఇంగ్లిషు మాటలో అది లేదు. ‘నయానో భయానో’ వేరే జాతీయం, ‘బై హుక్ ఆర్ బై క్రుక్’కు దగ్గర. మొహమాటం లేకుండా మాట్లాడటం వరకే అయితే ‘పుల్ నో పంచెస్’ చాలు. వ్యాపారంలో ‘ఎవరినీ ఉపేక్షించని’, ఆటలో ‘కోలుకోనివ్వని’ అంటే చదవడానికి హాయిగా ఉంటుంది.

రాసే పద్ధతి కూడా గమనించాలి. ‘ప్రిజనర్స్’ ఎప్పుడూ బహువచనమే. ‘షీ టేక్స్ నో ప్రిజనర్స్’ అన్నా ‘షీ డజంట్ టేక్ ప్రిజనర్స్’ అన్నా అర్థం ఒకటే. విశేషణంగా నామవాచకం ముందు పెడితే మాటల మధ్య హైఫన్లు రావాలి. ‘నో’ తీసేసి ‘టుక్ త్రీ ప్రిజనర్స్’ అంటే జాతీయం పోయి, ముగ్గురిని నిజంగానే పట్టుకున్నట్టు అవుతుంది. ఉద్యోగ దరఖాస్తులో తన గురించి తానే ఇలా రాసుకునే అభ్యర్థి దాన్ని కొట్టేయడం మంచిది. చదివే అధికారికి అందులో పట్టుదల కన్నా నలుగురితో పొసగని తత్వమే ముందు కనిపిస్తుంది.