ఇంట్లో భార్య ఉంటుందన్న లెక్క మీదే నడుస్తున్న సైన్యం

ఫౌజు వదిలి బయటికి వచ్చే జవాను ఎలా ఉంటాడో మన ప్రభుత్వాలు ఎప్పుడో తేల్చేసుకున్నాయి. మగవాడు, నలభైకి అటూ ఇటూ వయసు, చేతిలో పెన్షన్ పుస్తకం, ఇంట్లో పిల్లల్ని చూసుకునే భార్య. రెండో ఉద్యోగానికి తయారుచేసే రీసెటిల్‌మెంట్ కోర్సులైనా, సర్కారు కొలువుల్లో మాజీ సైనికులకిచ్చే ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటా అయినా ఈ మనిషి కొలతలతోనే కుట్టారు. భార్య చనిపోయిన హవల్దారుకు, విడాకులు తీసుకుని కూతుర్ని ఒక్కతే పెంచుకుంటున్న మహిళా కెప్టెన్‌కు ఆ కొలత సరిపోదు. తిరుమలగిరి, బొల్లారం, హకీంపేట, దుండిగల్, గోల్కొండ... సైన్యం ఇంతగా అల్లుకుపోయిన హైదరాబాద్‌లోనైనా వీళ్ల గురించి గట్టిగా మాట్లాడాలి.

సెలవుల విషయంలో కొంత కదలిక వచ్చింది, కాదనను. 2019లో ఒంటరి తండ్రులైన సైనికులకూ చైల్డ్ కేర్ లీవ్ (శిశు సంరక్షణ సెలవు) వర్తింపజేశారు. 2023 నవంబరులో మహిళా జవాన్లకు, నావికులకు, వైమానిక దళ సిబ్బందికి మహిళా అధికారులతో సమానంగా ప్రసూతి, శిశు సంరక్షణ, దత్తత సెలవులు ఇచ్చారు. మంచిదే. కానీ అప్పుడు చెప్పిన లెక్క చూడండి: చైల్డ్ కేర్ లీవ్ సర్వీసు మొత్తం మీద 360 రోజులు. అదే సెలవు కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగినికి 730 రోజులు. సరిహద్దుకు పోస్టింగ్ పడే తల్లికి ఆఫీసులో పనిచేసే తల్లికి దక్కేదాంట్లో సగం కూడా రాలేదు. ఇందులో న్యాయం ఎక్కడుందో రక్షణ శాఖే చెప్పాలి.

అయినా అసలు దెబ్బ సర్వీసులో ఉన్నప్పుడు కాదు, డిశ్చార్జి అయినప్పుడు తగులుతుంది. జవానుకు 15 ఏళ్ల సర్వీసు నిండితే పెన్షన్ అర్హత వస్తుంది. ఇరవై ఏళ్ల లోపే చేరినవాళ్లు చాలామంది ముప్పైల చివర్లోనో నలభైల మొదట్లోనో బయటికి వస్తారు. పరిమిత కాలానికే చేరే షార్ట్ సర్వీస్ అధికారికి పదేళ్లు, పొడిగిస్తే పద్నాలుగు. అంతటితో సరి, పెన్షన్ కూడా ఉండదు. సరిగ్గా అప్పటికి పిల్లలు బడి వయసులో ఉంటారు. సివిల్ ఉద్యోగి రిటైరయ్యేసరికి పిల్లలు స్థిరపడి ఉంటారు. ఇక్కడ తల్లిదండ్రుల రెండో ఉద్యోగ వేట, పిల్లల పదో తరగతి ఒకేసారి వచ్చి మీద పడతాయి. క్వార్టర్ ఖాళీ చేయాలి. దానితోపాటు పక్క క్వార్టర్ ఆంటీ తోడూ పోతుంది. స్కూలు బస్సు దిగిన పిల్లకు ఇంత అన్నం పెట్టి, నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా కూర్చోబెట్టుకునేది ఆవిడే. ఏ రూల్ బుక్కులోనూ లేని ఆ ఏర్పాటు మీదే ఒంటరి తండ్రి ఉద్యోగం ఇన్నాళ్లూ నిలబడింది.

ఇక రెండో ఉద్యోగం సంగతి. కేంద్ర గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, ఒకప్పటి గ్రూప్ డి పోస్టుల్లో 20 శాతం కోటా కాగితం మీద ఉంది. ఆ పరీక్షలు, ఫలితాలు, పోస్టింగులు తేలేదాకా ఇల్లు గడవాలి కదా. అప్పటికి దొరికేది ఎక్కువగా సెక్యూరిటీ పనే: బ్యాంకు గార్డు, గచ్చిబౌలి టవర్ల దగ్గర సూపర్‌వైజర్, లేదంటే రక్షణ స్థావరాలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరిక. ఆ కోర్‌లో చేరితే దేశంలో ఏ మూలకైనా వెళ్లాలి. మిగతావాటిలో నైట్ డ్యూటీలు తప్పవు. మాజీ సైనికుడి కోసం మనం పరిచిన ఉపాధి దారిలో పెద్ద భాగం రాత్రిపూటే నడుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లను ఇంట్లో ఒంటరిగా పెట్టి తాళం వేసి, ఎవరి అపార్ట్‌మెంటుకో కాపలా కాయడానికి ఏ తండ్రి వెళ్తాడు? యాప్రాల్ నుంచో సైనిక్‌పురి నుంచో ఐటీ కారిడార్‌కు పగటి ఉద్యోగం దొరికిందనుకున్నా, ఇళ్లున్న వైపు మెట్రో లేదు. రానూపోనూ గంటలు రోడ్డు మీదే పోతాయి. బడి మాత్రం మధ్యాహ్నమే వదిలేస్తుంది.

సైన్యం యుద్ధం కోసం ఉంది, సంక్షేమ హాస్టల్ కాదు, ఒకరికి మినహాయింపు ఇస్తే ఆ భారం తోటివాళ్ల మీద పడుతుంది అంటారు. సరిహద్దులోని ఫార్వర్డ్ పోస్టు విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నేను మాట్లాడుతున్నది సర్వీసు చివరి రెండేళ్ల గురించి, ఆ తర్వాతి ఏడాది గురించి. అక్కడ ఏ పోస్టూ ఖాళీ కాదు, ఏ సరిహద్దూ బలహీనపడదు.

అసలు విషయం ఇంకా లోతుగా ఉంది. సైన్యం ఇంతకాలం జీతం ఇవ్వకుండా వాడుకున్న శ్రమ ఒకటుంది: జవాను భార్య శ్రమ. ఆయన ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉంటే అత్తమామల మందులు, పిల్లల ఫీజులు, గ్యాస్ బుకింగు, పొలం కౌలు అన్నీ ఆమే చూసింది. ఆమె లేని ఇల్లు కనిపించగానే వ్యవస్థకు ఏం చేయాలో తోచడం లేదు. సివిల్ సమాజం అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం) ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. బిడ్డను చూసి రావడానికి రోజుకు నాలుగుసార్లు వీలు కల్పించింది కూడా తల్లికే. ఒంటరి తండ్రి ఆ చట్టానికి కనిపించలేదు. పిల్లల పెంపకం ఆడవాళ్ల సొంత వ్యవహారం అన్న నమ్మకం బ్యారక్‌లోనూ, బోర్డ్ రూమ్‌లోనూ ఒక్కటే. ఆ నమ్మకం ఒంటరి తల్లిని ఉద్యోగం నుంచి తరిమేస్తుంది, ఒంటరి తండ్రిని అసలు గుర్తించదు.

చేయాల్సినవి అసాధ్యమైనవేమీ కావు. సింగిల్ పేరెంట్‌కు డిశ్చార్జికి ముందు రెండేళ్లు కోరుకున్న ఊళ్లో పోస్టింగ్ ఇవ్వాలి, అదీ దయగా కాదు, హక్కుగా. చైల్డ్ కేర్ లీవ్‌ను 730 రోజులు చేసి, మిగిలిన రోజుల్ని రీసెటిల్‌మెంట్ కోర్సుతో కలిపి వాడుకోనివ్వాలి. కోర్సు నడిచే చోట పిల్లల్ని చూసుకునే గది ఒకటి ఉండాలి. రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ ఖాళీల జాబితా వేసేటప్పుడు పగటి డ్యూటీలను విడిగా చూపించి, వాటిలో ముందు వరుస వీళ్లకే ఇవ్వాలి. ఇక క్వార్టర్ గడువును నెలల లెక్కన కాకుండా బడి క్యాలెండర్ ప్రకారం పెట్టాలి. ఫిబ్రవరి నెలాఖరున డిశ్చార్జి అయిన హవల్దారు కూతురు ఆ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తుంటే, ఆమె చివరి పేపరు రాసి, ఇంటర్‌లో సీటు తెచ్చుకునేదాకా ఆ ఇంటి తాళం వాళ్ల దగ్గరే ఉండాలి.