జర్మన్ నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు రావాలా?

భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. అప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నర్సింగు చదివినవాళ్లున్న ఇళ్లలో ఇదే చర్చ. జీతం, వీసా, ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు సంగతులు ఈపాటికి అందరికీ తెలుసు. టెన్షన్ అంతా భాష దగ్గరే. ఇద్దరు పిల్లల తల్లయిన స్టాఫ్ నర్సు అడిగినా, ఐటీఐ చేసి వెల్డింగు పనిలో ఉన్న కుర్రాడు అడిగినా ప్రశ్న ఒక్కటే: ఈ వయసులో కొత్త భాష బుర్రకెక్కుతుందా?

నిక్షేపంలా ఎక్కుతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు జర్మన్‌ను ఇంగ్లీషులో చెప్పడం వల్లే ఎక్కడం లేదు. రెండు పరాయి భాషల్ని ఒకేసారి నెత్తిన పెట్టి, మోయలేకపోతే వయసు మీద పడిందంటున్నాం.

విజయనగరంలో ఒక కోచింగు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. ‘ఐ యామ్ కోల్డ్’ను జర్మన్‌లోకి మార్చమన్నారు. ఒక నర్సు ఇంగ్లీషు మాటకు మాట పెట్టి ‘ఇష్ బిన్ కాల్ట్’ అని రాసింది. తప్పు. ‘మీర్ ఇస్ట్ కాల్ట్’ అనాలి. ఎందుకని ఆమె అడిగితే, ‘ఇది డేటివ్, బట్టీ పట్టెయ్యండి’ అన్నారు. ‘నాకు చలిగా ఉంది’ అని రోజూ అనే మనిషికి బట్టీ దేనికి? ‘మీర్’ అంటే ‘నాకు’. మన ‘కు’ విభక్తి అక్కడ అచ్చంగా కూర్చుంది. ‘నాకు కళ్లు తిరుగుతున్నాయి’ అనే రోగి జర్మనీలోనూ ‘నాకు’తోనే మొదలుపెట్టి ‘మీర్ ఇస్ట్ ష్విండ్లిగ్’ అంటాడు. ‘ఆ ఇల్లు నాకు నచ్చింది’ అన్నా అంతే, నచ్చేది ఇల్లు, నచ్చడం నాకు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్లు ఇక్కడ తికమకపడతారు. తెలుగు మీదుగా వస్తే ఇది సొంతింటి వాకిలే.

వాక్యం కట్టే తీరు చూడండి. ‘నాకు జ్వరం ఉంది కాబట్టి’ అనడానికి వాళ్లు ‘వైల్ ఇష్ ఫీబర్ హాబె’ అంటారు. కారణం చెప్పే ఆ ముక్కలో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషు అలవాటున్నవాళ్లు దీన్ని ఒక నియమంలా గుర్తుపెట్టుకోవాలి. క్రియను చివరిదాకా ఆపి ఉంచడం తెలుగువాడికి పుట్టుకతో అబ్బింది. ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉంటుంది, అది మనకు కొత్తే. నామవాచకాలకు మూడు లింగాలు, వాటి ముందు చేరే డేర్, డీ, దాస్ కూడా కొత్తవే. వాటికి సాధన ఒక్కటే దారి. గంటల లెక్క మాత్రం మొదటి రోజే తెలుగులో విడమరిచి చెప్పాలి. హాల్బ్ అంటే సగం, ద్రై అంటే మూడు. కానీ ‘హాల్బ్ ద్రై’ అంటే మూడు కావడానికి ఇంకా అరగంట ఉందని, అంటే రెండున్నర. మాటల్ని బట్టి మూడున్నర అనుకుంటే రోగికి మందు గంట ఆలస్యమవుతుంది.

జర్మన్‌ను జర్మన్‌లోనే నేర్పాలనేవాళ్లున్నారు. ఏ1, ఏ2, బి1, బి2 అని మెట్లుగా సాగే ఈ చదువులో బి1 దాటాక నేనూ అదే అంటాను. నర్సుగా గుర్తింపుకు సాధారణంగా అడిగే బి2 చేరాలంటే 45 నిమిషాల పాఠాలు కనీసం 600 కావాలి. గోథే సంస్థ పెట్టే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాల్లో ప్రతిదాంట్లోనూ 100కి 60 తెచ్చుకోవాలి. డ్యూటీ దిగి వచ్చి చదివే మనిషి ఆ తొలి పాఠాల్లో సగం ఇంగ్లీషు అర్థం చేసుకోవడానికే పోగొట్టుకుంటే మిగిలేదేముంది?

పెద్ద వయసులో భాష రాదనే మాట ఈ నేల మీద అసలు నిలవకూడదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి పాఠ్యపుస్తకం లేదు, కోచింగు లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, వింటూ, మాట్లాడుతూ ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఆ నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్లు. తెలుసున్న భాష మీదుగానే తెలియని భాషలోకి వెళ్లారాయన. ఏటా ఆగస్టు 29న ఆయన విగ్రహానికి దండ వేస్తాం. ఆ పద్ధతి మాత్రం ఆయన సొంత జిల్లాలో ఒక్క క్లాసులోనూ కనబడదు.

2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడు పిల్లల గురించి కోర్టుల దాకా వెళ్లి వాదించుకున్నాం. పెద్దవాళ్లను అప్పుడూ ఎవరూ తలచుకోలేదు. కంప్యూటరు కోర్సులో చేరినా, వృత్తి శిక్షణకు వెళ్లినా, ఇప్పుడు జర్మన్‌కు వచ్చినా, మన ప్రాంతపు మనిషి ముందు ఇంగ్లీషు గేటు దాటాలి. ఆ గేటు దగ్గర ఆగిపోయినవాళ్లే చెన్నైలో మేస్త్రి పనికో, గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల పడవల మీదికో పోతున్నారు. చేతిలో పనితనం ఉండి కూడా భాష దగ్గర ఆగిపోయినవాళ్లు వాళ్లలో ఎందరో.

కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ 2021లోనే జర్మనీతో ఒప్పందం చేసుకుని నర్సుల్ని పంపుతోంది. మనమింకా విశాఖలో హాస్టలు, హైదరాబాదులో కోచింగు అంటూ లక్షలు వదిలించుకుంటున్నాం. తెలుగులో వివరించే ఏ1, ఏ2 పుస్తకం రాయించడానికి బ్రహ్మవిద్య తెలియనక్కర్లేదు. ఒక జర్మన్ టీచరు, ఒక తెలుగు పంతులు, పాఠాలు విని ‘అర్థం కాలేదు’ అని మొహమాటం లేకుండా చెప్పే పది మంది నర్సులు కలిసి కూర్చుంటే చాలు. నైపుణ్య శిక్షణకు బడ్జెటు ఉంది, జిల్లా కేంద్రాల్లో సాయంత్రం ఖాళీగా ఉండే కాలేజీ గదులున్నాయి. డ్యూటీలు మారేవాళ్లు తప్పిన పాఠాన్ని మరోసారి వినేలా రెండు బ్యాచులు పెట్టాలి. ఈ ఏడాది నర్సింగు పూర్తిచేసి బయటికొచ్చే బ్యాచుకే ఆ పుస్తకం, ఆ పాఠాలు అందాలి.