డిజిటల్ మాస్టారి వాంగ్మూలం

హైస్కూలు మాస్టార్లకి టెక్నాలజీ ఒంటబట్టదని లోకంలో ఒక అపవాదు ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసున్న జిల్లా పరిషత్ సోషల్ మాస్టారిగా దాన్ని తీవ్రంగా ఖండిస్తూ, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహతో, రెండు గీతల నెట్‌వర్క్‌లో ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

ముందుగా నా ఫోను చూడండి. పిల్లల హాజరుకొక యాప్, నా హాజరుకొక యాప్, మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారో చెప్పడానికి ఒకటి, ఆన్‌లైన్ శిక్షణకి ఒకటి చొప్పున ఎక్కించుకున్నాను. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫొటో తీసి పంపడం కూడా కొన్నేళ్ళు ఈ వృత్తిలో భాగంగా ఉండేది. మొన్న మనవరాలి పుట్టినరోజు ఫొటోలకి ఫోన్లో జాగా చాలక పెన్‌డ్రైవ్ కొన్నాను. మరుగుదొడ్ల ఫొటోలు మాత్రం తేదీలవారీగా భద్రంగా ఉన్నాయి. ఇంతకన్నా డిజిటల్ జీవితం ఏ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి ఉంటుందో చెప్పండి!

అసలు బడికి టెక్నాలజీ ఈ మధ్యే వచ్చిందనుకోవడం చరిత్ర తెలియకపోవడమే. 1975 ఆగస్టు 1న, అమెరికా వాళ్ళ నాసా నుంచి ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ పాఠాలు చూపించారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊళ్ళో ఆకాశవాణి తప్ప మరోటి ఎరగని కాలంలో, కోళ్ళ దొడ్డికి కట్టే ఇనుప వలతో యాంటెన్నా చేసి అంతరిక్షం నుంచి పాఠాలు దింపారు. ఉపగ్రహం నాసాది, వల కోళ్ళది, మధ్యలో మాస్టారు. ఏడాది తిరగ్గానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. కోళ్ళూ మాస్టార్లూ మిగిలారు.

తర్వాత 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. అచ్చంగా చదువు కోసమే పంపిన ఉపగ్రహం. 2010లో దాని సేవలు ముగిశాయి. పెన్షన్ సంగతి అడగొద్దు. 1-9-2004 తర్వాత సర్వీసులో చేరింది కాబట్టి దానికీ సీపీఎస్సే, అంటే పాత పెన్షన్ బదులు జీతంలోంచి వాటా కోసే పథకమే.

ఆ మధ్య కాలంలో కంప్యూటర్ ల్యాబులొచ్చాయి. 'బూట్' పద్ధతి అనేవారు. అంటే ప్రైవేటు వాళ్ళు ల్యాబు కట్టి, కొన్నేళ్ళు నడిపి, తర్వాత మనకి అప్పజెప్పి వెళ్ళడం. మాకూ అప్పజెప్పారు. అప్పటికి యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయాయి కనుక బూట్ పద్ధతిలో వచ్చినవి బూట్ అవడం మానేశాయి. ఆ గది తాళంచెవి మా దగ్గర చాలా జాగ్రత్తగా ఉండేది. కంప్యూటర్ల దుమ్ము దులపడం ఎలాగో మాకు శిక్షణ ఇవ్వలేదు కాబట్టి అది మేము స్వయంకృషితో నేర్చుకున్నాం.

శిక్షణ అంటే గుర్తొచ్చింది. రాష్ట్రస్థాయిలో నేర్చుకున్నవాళ్ళు జిల్లాలో చెబుతారు. జిల్లాలో విన్నవాళ్ళు మండలంలో చెబుతారు. పాలు చేతులు మారినట్టే. మండలానికి వచ్చేసరికి తెల్లగా ఉందన్నంతవరకే గ్యారంటీ. మొన్నటి రెండు రోజుల శిక్షణలో అంశం 'ఉపన్యాస పద్ధతి ఎందుకు పనికిరాదు' అన్నది. రెండు రోజులూ ఉపన్యాసమే. మొదటి రోజు వీడియో ఆడింది గానీ సౌండ్ రాలేదు. రెండో రోజు సౌండ్ వచ్చింది గానీ, అది పక్క ఫంక్షన్ హాలు సన్నాయి. మధ్యాహ్నం సమోసా, టీ అయ్యాక అభిప్రాయ సేకరణకి గూగుల్ ఫామ్ పంపారు. అందులో నాలుగు ఆప్షన్లు: 'చాలా ఉపయోగపడింది', 'ఉపయోగపడింది', 'కొంత ఉపయోగపడింది', 'ఇంకా ఇలాంటివి కావాలి'. ప్రజాస్వామ్యం గురించి నేను పదో తరగతికి పాఠం చెబుతాను కాబట్టి నాలుగోది నొక్కాను.

ఇక ట్యాబులు. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలు సుమారు 4.6 లక్షల మందికీ, 59 వేల మంది టీచర్లకీ ట్యాబులిచ్చారు. అందులో పాఠాలు బైజూస్ వాళ్ళవి. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. లాభనష్టాల అధ్యాయానికి ఇంతకంటే మంచి బోధనోపకరణం దొరకదని మా లెక్కల మేడమ్ అంటారు. ఆవిడ ఊరికే అనరు.

ఫోన్ కెమెరాకి ముఖం చూపించి యాప్‌లో వేయించుకునే ముఖ హాజరు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 2022 ఆగస్టులో అది వచ్చినప్పుడు, సొంత ఫోన్లో, సొంత డేటాతో హాజరేమిటని సంఘాలు గొడవ చేశాయి. నేను ఆ గొడవలో లేను. నా గొడవ తాత్వికమైనది. 'నేనెవరు?' అని విచారించుకోమని రమణ మహర్షి జీవితమంతా చెప్పారు. నాకు ఆ ప్రశ్న రోజూ ఉదయం తొమ్మిదిలోపు తేలాలి. కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే నేను నేను కాదంటుంది. తీసేస్తే నేనేనంటుంది గానీ, అలా అన్నట్టు తెర మీద రాసింది నాకు కనబడదు. గేటు పక్క వేపచెట్టు కింద సిగ్నల్ బాగుంటుంది. పొద్దున్నే ఎనిమిది మందిమి అక్కడ ఫోన్లు ఆకాశానికెత్తి నిలబడతాం. బడి దారిన పొలానికెళ్ళే ముసలాయన మొదట్లో మమ్మల్ని చూసి దణ్ణం పెట్టుకునేవాడు. ఏదో వ్రతమనుకున్నాడు పాపం.

ఇన్ని దశలు దాటాక మా తొమ్మిదో తరగతి గోడకి ప్యానెల్ వచ్చింది. తలుపంత తెర. వేలితో రాయొచ్చు, వీడియో చూపించొచ్చు, నెట్ కూడా వస్తుంది. అలవాటు ప్రాణాంతకం కాబట్టి మొదటి రోజే దాని మీద సుద్దముక్కతో తేదీ రాశాను. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. మూడో బెంచీ కుర్రాడొకడు లేచొచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, "దీనికి సుద్ద వద్దు సార్, వేలు చాలు" అన్నాడు. వాడు సాయంత్రాలు వాళ్ళ మావయ్య సెల్ షాపులో కూర్చుంటాడు. సోషల్‌లో వాడికి ముప్ఫై మార్కులు దాటవు. ఆ రోజు నుంచి వాడు నాకు గురువు. గురువుగారిని హోంవర్కు అడగడం బాగుండదని అదీ మానేశాను.

వాడు నేర్పే పద్ధతి శిక్షణల్లో లేదు. ఏదీ చెప్పడు. "మీరే నొక్కండి సార్, ఏం కాదు" అంటాడు. నొక్కితే ఏదో అవుతుంది. అప్పుడు నవ్వకుండా వెనక్కి తెస్తాడు. ఆ నవ్వకుండా ఉండటమే అసలైన విద్య. నా సర్వీసులో పిల్లలు తప్పు చెప్పినప్పుడు నేను ఎన్నిసార్లు నవ్వానో లెక్క తీస్తే, ఆ రికార్డుకి ఏ యాప్ చాలదు. ఇది వాంగ్మూలంలో భాగం కాదు, కొట్టేయండి.

అలా రెండు నెలల్లో నేను గూగుల్ ఎర్త్ దాకా ఎదిగాను. ఆ రోజు పాఠం నదులు, నీటి వనరులు. పాఠ్య ప్రణాళికలో రాసుకున్నది గోదావరి డెల్టా. భూగోళం తిప్పి, ధవళేశ్వరం ఆనకట్ట చూపించి, కాటన్ దొర గురించి రెండు మాటలు చెప్పేసరికి వెనక నుంచి ఒకమ్మాయి "సార్, మన ఊరు చూపించండి" అంది. చూపించాను. ఇక అంతే, పాఠం పోయింది. నలభై మంది ప్యానెల్ మీద పడ్డారు. "అది మా డాబా", "అది మా గడ్డివాము", "రామాలయం ఇంత చిన్నదా?" పటం చూపించి దిక్కులు చెప్పమంటే ఏళ్ళ తరబడి నోరు మెదపని పిల్లలు, బస్టాండుకి ఉత్తరాన ఏముందో, కాలవ ఎటు పారుతుందో వాదించుకుంటున్నారు. నేను పక్కన నిలబడి, ఇది ప్రణాళికలో లేదు కదా, ఏ అభ్యసన ఫలితం కింద రాయాలా అని మథనపడుతున్నాను.

అప్పుడు నా గురువు ఒక గడియారం బొమ్మ నొక్కాడు. అది నొక్కితే పాతకాలం ఉపగ్రహ చిత్రాలు వస్తాయి. "చూడండి సార్, ఇప్పుడు వెనక్కెళ్దాం" అని మీట జరిపాడు. ఊళ్ళో డాబాలు తగ్గాయి, చెట్లు పెరిగాయి. ఇంకా జరిపాడు. ఊరి చెరువు పెద్దదైంది. ముందుకి జరిపాడు, చెరువు చిన్నదైంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. చెరువు ఊపిరి తీస్తున్నట్టుంది. క్లాసులో గోల ఆగిపోయింది.

"సార్, చెరువు సగం ఏమైంది?" అని అడిగింది ఆ అమ్మాయి.

సగం చెరువులో ఒక రెండంతస్తుల ఇల్లు, దాని చుట్టూ ప్రహరీ, పక్కన రొయ్యల గుంట. ఆ ఇల్లెవరిదో నాకు తెలుసు, పిల్లలకీ తెలుసు. ప్యానెల్ ఒక్కదానికే తెలియదు. ఆ ఇంటివారి అబ్బాయి మొదటి బెంచీలో నా ఎదురుగానే కూర్చున్నాడు. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి పిల్లలకి చాక్‌లెట్లు పంచేదీ ఆ ఇంటివారే.

విమర్శనాత్మక ఆలోచన అని శిక్షణలో మాకు ఒక స్లైడు చూపించారు. దాని తర్వాతి స్లైడు ఏమిటో నాకు గుర్తులేదు. టీ బ్రేక్ అనుకుంటా. నేను వెళ్ళి ప్యానెల్ ఆపేశాను. రిమోట్ అక్కర్లేదు, కింద కుడివైపు బటన్ ఉంటుంది. అది మాత్రం ఎవరూ నేర్పకుండానే తెలిసింది.

సాయంత్రం ఆ రోజు ప్యానెల్ వాడకం నమోదు చెయ్యాలి. ఎన్ని నిమిషాలు వాడారు, పాఠం పూర్తయిందా, కాకపోతే కారణం ఏమిటి, ఒక ఫొటో. కారణాల జాబితాలో చాలా ఉన్నాయి గానీ 'చెరువు' లేదు. 'కరెంట్ పోయింది' అన్నది నొక్కి, ఆరిపోయిన ప్యానెల్ పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాను. తీసింది నా గురువే.

వాడు ఫొటో వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. నవ్వలేదు.

"సార్, పైన ఫ్యాన్ తిరుగుతోంది సార్" అన్నాడు.

క్రాప్ చెయ్యడం ఎలాగో కూడా వాడే చూపించాడు.