కుక్కపిల్ల ఇక్కడ, గొలుసు కేమన్‌లో

అమ్మకం అంటే ఏమిటో మన జనానికి ఇంకా ఒంటబట్టలేదు. అరెకరం అమ్మాలన్నా ఈసీ తీయించి, పాస్‌బుక్ చంకన పెట్టుకుని, ఇద్దరు సాక్షులను వెంటేసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతారు. మెషిన్ వేలిముద్ర పట్టకపోతే బొటనవేలు చొక్కాకు తుడిచి మళ్లీ పెడతారు. ఉన్న వస్తువును ఉన్నచోటే అమ్మాలనుకోవడం వల్ల వచ్చిన తిప్పలివి. 1611లో మచిలీపట్నంలో దిగిన ఈస్టిండియా కంపెనీ వాళ్లకీ ఈ కిటుకు తెలీదు. పాపం, సరుకు కోసం స్వయంగా ఓడెక్కి వచ్చారు.

వారి వారసులు అంత కష్టపడరు. 2007 ఫిబ్రవరిలో వొడాఫోన్ మన హచ్‌ను కొన్న తీరు చూడండి. కొనేది అప్పట్లో ఇంగ్లండ్‌లోని న్యూబరీలో హెడ్డాఫీసున్న కంపెనీ. అమ్మేది హాంకాంగ్ వాళ్లు. సరుకు ఇండియాలో రెండు కోట్ల మందికి పైగా వాడుతున్న ఫోన్ నెట్‌వర్క్. నేరుగా కొంటే మర్యాదగా ఉండదు కదా! అందుకని నెదర్లాండ్స్‌లోని పిల్లకంపెనీ చేత, కేమన్ దీవుల్లోని సీజీపీ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కంపెనీ షేరు కొనిపించారు. ఎన్ని షేర్లు? ఒక్కటంటే ఒక్కటి. ధర సుమారు 1,110 కోట్ల డాలర్లు. ఆ షేరు చేతికొస్తే మారిషస్ కంపెనీల మెట్ల మీదుగా దిగి, ఇక్కడ హచ్‌ను నడిపే హచిసన్ ఎస్సార్‌లో 67 శాతం వాటా దాకా రావచ్చు. టవర్లు, సిమ్ములు, రీచార్జ్ కార్డులు, ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్ కుక్కపిల్ల అన్నీ ఇక్కడివే. గొలుసు కొస మాత్రం కేమన్‌లో.

గొలుసులో ఏ లింకుకు ఏ పనో తెలుసుకుంటే పాఠకులకు ఎప్పుడైనా అక్కరకొస్తుంది. కేమన్ బ్రిటన్ ఏలుబడిలోని దీవులే. అక్కడ ఆదాయపు పన్ను లేదు, మూలధన లాభాల పన్నూ లేదు. మారిషస్‌తో మనకు పాత ఒప్పందం ఉండేది. దాని ప్రకారం అక్కడి కంపెనీ ఇక్కడి షేర్లు అమ్మితే పన్ను వేసే హక్కు మారిషస్‌ది. మారిషస్సేమో ఆ పన్ను వెయ్యదు. ఇక నెదర్లాండ్స్ తగువు వస్తే పనికొచ్చే మేనమామ. మన దేశంతో దానికి పెట్టుబడుల రక్షణ ఒప్పందం ఉండేది. కిటుకంతా ఏ లింకు దగ్గర తెంపి అమ్ముతామన్నదే. ఇండియా లింకు దగ్గర తెంపితే పన్ను, కేమన్ దగ్గర తెంపితే సముద్రపు గాలి.

మన ఆదాయపు పన్ను శాఖ ఈ సూక్ష్మం గ్రహించక, కొన్నవాడే అమ్మినవాడి పన్ను కోసి కట్టాల్సిందంటూ 1961 చట్టంలోని 195వ సెక్షన్ చూపించి 11,218 కోట్లు అడిగింది. 2010లో బొంబాయి హైకోర్టు శాఖ వైపు నిలబడింది. 2012 జనవరి 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. షేరు ఉన్నది కేమన్‌లో, లావాదేవీని మొత్తంగా చూడాలే గానీ చీల్చి లోపలికి తొంగిచూడకూడదంది. డిపాజిట్ చేయించుకున్న 2,500 కోట్లు 4 శాతం వడ్డీతో తిరిగివ్వమంది.

ఈ 195వ సెక్షన్‌ను చిన్నచూపు చూడకండి, 2026 ఏప్రిల్ నుంచి 1961 చట్టం స్థానంలో కొత్తది వచ్చినా ఈ కోత మాత్రం పోలేదు. కూకట్‌పల్లిలో 90 లక్షల ఫ్లాట్‌ను డాలస్‌లో ఉంటున్నాయన దగ్గర కొంటే అది మీకూ తగులుతుంది. ‘ఒక్క శాతం కట్టెయ్యండి సార్, ఒక్క ఫారం చాలు’ అంటాడు ఏజెంటు. మీరు 90 వేలు కట్టి గృహప్రవేశం చేసుకుంటారు. ఆ ఒక్క శాతం అమ్మేవాడు ఇక్కడి నివాసి అయితేనే. ఎన్నారై అయితే దారి వేరు; 2026 మార్చి దాకా ఉన్న పద్ధతిలో పన్ను కోసేవాడికిచ్చే ట్యాన్ నంబరు తీసుకుని, 27క్యూ అనే ఫారం దాఖలు చేయాల్సి ఉండేది. పాత ఆస్తి మీద 12.5 శాతం, దానిపై 10 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్సు కొయ్యాలి. అమ్మేవాడు తక్కువ కోతకు ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీదే లెక్క. వెరసి 12,87,000. కోయకుండా వదిలేసిన 11,97,000, దానిపై నెలకో శాతం వడ్డీ మీ జేబులోంచే. ఫ్లాట్ కేమన్‌లో ఉందని వాదించడానికి వీల్లేదు. మూడో అంతస్తులో లిఫ్ట్ పక్కనే కనబడుతుంది.

కోర్టులో ఓడిన సర్కారు ఊరుకుందా? 2012 మార్చి బడ్జెట్‌లోనే అప్పటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ చట్టం సవరించారు. ఇండియా ఆస్తి వల్ల విలువ వచ్చే విదేశీ షేరు ఇండియాలో ఉన్నట్టే లెక్క, అదీ 1962 ఏప్రిల్ 1 నుంచి! తారీఖు మేము పెట్టింది కాదు. మన ఊళ్లలో ట్రంకాల్ బుక్ చేసి పొద్దంతా కూర్చునే రోజుల నుంచి సెల్‌ఫోన్ కంపెనీ షేరుకు పన్ను బాకీ పడిందన్నమాట.

అప్పుడు మేనమామ రంగంలోకి దిగాడు. పెళ్లికో ఇంటిపేరు, తద్దినానికో ఇంటిపేరు ఉన్నవాడికి దిగులేముంది? బ్రిటిష్ కంపెనీ డచ్చి కంపెనీగా మధ్యవర్తుల ముందు నిలబడింది, 2020 సెప్టెంబరులో గెలిచింది. మూడు నెలలకే ఎడిన్‌బరో కెయిర్న్ కూడా ఇదే రకం కేసు గెలిచింది. ఇది ఒకప్పుడు మన సూరసానియానం ఒడ్డున రవ్వ అనే క్షేత్రంలో చమురు తీసిన కంపెనీయే. డబ్బు రాకపోయేసరికి పారిస్‌లో భారత ప్రభుత్వ ఆస్తులపై జప్తు ఉత్తర్వు తెచ్చుకుంది. 2021 ఆగస్టులో సర్కారు పాత తేదీ పన్నును ఎత్తేసింది. కెయిర్న్‌కు 7,900 కోట్లు తిరిగొచ్చాయి.

ఇంతకీ కుక్కపిల్ల సంగతి. 2018లో వొడాఫోన్ ఇండియా ఐడియాతో కలిసిపోయింది. 2019లో సుప్రీంకోర్టు లైసెన్స్ ఫీజు లెక్కలో వడ్డీలు, అద్దెల ఆదాయం కూడా కలపాలనడంతో కొత్త కంపెనీ పీకల్లోతు బాకీల్లో పడింది. బాకీకి బదులుగా సర్కారు షేర్లు తీసుకుంది. 2025లో మరో 36,950 కోట్ల బాకీకి, బజారులో ఏడు రూపాయలు కూడా పలకని షేరును పది రూపాయల లెక్కన పుచ్చుకుంది. ముఖవిలువ కన్నా తక్కువకు షేరివ్వడం కంపెనీల చట్టం ఒప్పుకోదట, పాపం. దాంతో సర్కారు వాటా 48.99 శాతానికి చేరింది. పన్ను అడగబోయి ఇల్లరికం వెళ్లినట్టయింది. ఈసారి షేర్లు మాత్రం కేమన్‌లో లేవు, ఇక్కడే, మన పేరు మీదే ఉన్నాయి.