అంపైరు లేని ఆటలో తొండి

బిళ్ళంగోడు ఆడిన రోజుల్లో తొండి చేసినవాణ్ణి పట్టుకోవడానికి చుట్టూ పదిమంది పిల్లలుండేవారు. గోల్ఫులో ఆ అవకాశం లేదు. కొట్టిన బంతి చెట్ల వెనక్కి వెళ్ళాక అక్కడేం జరిగిందో ఆడేవాడికీ, అతడి సంచి మోసే క్యాడీకీ తప్ప మూడోవాడికి తెలియదు. దెబ్బల లెక్క ఉండే కార్డు మీద తోటి ఆటగాడు రాసేదీ చాలావరకు ఆడినవాడు చెప్పిన అంకెనే. బెంగళూరులో మన సంఘం ఏటా జరిపే గోల్ఫు పోటీలో ఈసారి బహుమతులు పెంచాలని ప్రతిపాదన వచ్చింది కనుక, అంతకంటే ముందు, పేరిచ్చిన ప్రతివారికీ ఒక పూట నియమాలు నేర్పాలని నేను కోరుతున్నాను.

బెంగళూరుకు ఈ ఆట కొత్త కాదు. బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు 1876లోనే ఏర్పడింది. కొత్తగా వచ్చినవాళ్ళం మనమే. పై అధికారులు ఆడుతున్నారనో, డాక్టరు నడవమన్నాడనో మైదానానికి వెళ్ళిన మనలో చాలామందిమి, దూరం కొట్టే ఖరీదైన డ్రైవరు కర్ర ఎంచుకోవడానికీ, దాన్ని ఊపే స్వింగు సరిదిద్దుకోవడానికీ వెచ్చించిన కాలంలో పదోవంతు కూడా నియమాల పుస్తకానికి ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. బంతిని కొట్టబోయి గాలిని కొట్టినా అది ఒక దెబ్బ కిందే లెక్కని నాకు తెలిసేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా ఇంట్లో గర్వంగా చెప్పుకున్న స్కోర్లన్నీ ఆ లెక్కన తొండివే.

బంతి ఎక్కడ పడితే అక్కడినుంచి, ఎలా ఉంటే అలాగే ఆడాలన్నది మూలసూత్రం. గత పోటీలో ఒక మిత్రుడు గడ్డిలో కూరుకుపోయిన బంతిని బూటు కొనతో పైకి జరపడం చూశాను. క్యాడీ కూడా చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఆనాటి కూలి ఇవ్వవలసింది ఆ మిత్రుడే మరి. నిజానికి నియమాలు అంత నిర్దయగా లేవు. ఆడలేననుకుంటే ఒక దెబ్బ జరిమానా వేసుకుని, హోలుకు, అంటే బంతి పడవలసిన గుంతకు, దగ్గర కాకుండా, రెండు గోల్ఫు కర్రల పొడవు లోపల మోకాలి ఎత్తునుంచి బంతిని వదిలి ఆడవచ్చు. పోయిన బంతిని వెతకడానికి మాత్రం 2019 నుంచి మూడు నిమిషాలే గడువు, అంతకుముందు అయిదు. 1925 అమెరికా ఓపెన్‌లో బాబీ జోన్స్, తన బంతి కదలడం ఎవరూ గమనించకపోయినా తానే చెప్పి జరిమానా వేయించుకున్నాడు. చివరికి సమానంగా నిలిచి, విజేతను తేల్చే అదనపు ఆట అయిన ప్లేఆఫ్‌లో ఓడాడు. ఆ ఒక్క దెబ్బ లేకుంటే ప్లేఆఫే ఉండేది కాదు.

బంతిని హోలులోకి దొర్లించే చిన్న దెబ్బ, అంటే దగ్గరి పుట్, మిగిలితే "వదిలేయండి గారూ, పడినట్టే" అనుకోవడం మన మర్యాద. ఇద్దరు ముఖాముఖి తలపడే మ్యాచ్ ప్లేలో అది చెల్లుతుంది కానీ, మొత్తం దెబ్బలు లెక్కించే, మనం ఆడే స్ట్రోక్ ప్లేలో బంతి హోలులో పడేదాకా ఆడవలసిందే.

మైదానపు మర్యాదల్లో చాలావరకు ఇంగితజ్ఞానమే: ఎదుటివాడు కొట్టేటప్పుడు మాట్లాడకపోవడం, అతడి పుట్ వెళ్ళే దారిని తొక్కకపోవడం, బంతి ఎవరిమీదికైనా వెళ్తుంటే "ఫోర్" అని గట్టిగా అరవడం, బంకరు అనే ఇసుక గుంటలో మన అడుగుల్ని పళ్ళ కర్రతో చదును చేసి రావడం. ఈ చివరి పనిని మనవాళ్ళు క్యాడీకి వదిలేస్తారు. అసలు క్యాడీని "ఏయ్, ఇటు రా" అని పిలిచే గొంతు వింటే, ఆ మనిషి స్కోరు ఎంతైనా నాకు అక్కర లేదనిపిస్తుంది. పద్దెనిమిది హోళ్ళూ మన బరువు మోసి, గాలి ఎటు వీస్తోందో, హోలు చుట్టూ ఉన్న నున్నటి గ్రీన్ ఎటు వాలుందో చెప్పేవాడికి మనకంటే నియమాలు బాగా తెలుసు.

అందుకే ఆ పూట పాఠం చెప్పడానికి అనుభవం గల ఒక క్యాడీనే పిలిచి, కోచ్‌కు ఇచ్చేంత పారితోషికం ఇవ్వాలని నా సూచన. అందుకోసం బహుమతుల్లో ఒకటి రెండు కప్పులు తగ్గించుకున్నా నష్టం లేదు.